నోట్లో కబురు, మూకుట్లో నూడుల్స్

జూలై 3, గురువారం

సౌమ్యకు నెల తప్పింది! నా బిడ్డ తల్లి కాబోతోంది, నేను తాతను కాబోతున్నాను!

అమ్మయ్య, రాసేశాను. పొద్దున్నుంచి ఈ మాట నా నాలుక కొసన కూర్చుని ఎగిరెగిరి పడుతోంది. ఎవరితోనూ అనడానికి లేదు. సౌమ్య నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని మరీ ఒట్టు వేయించుకుంది.

"బాపూ, మూడు నెలలు నిండి డాక్టరమ్మ చెప్పేదాక ఒక్కరికి కూడ చెప్పొద్దు."

"నేనెవ్వరికి చెప్త బిడ్డా?"

"నువ్వా? పోయినసారి పొద్దుగాల నీకు చెప్తె, అన్నం తినే యాళ్లకు బీటుబజార్ల అందరి నోట్లె లడ్డూలున్నయ్."

నిజమే. పోయినసారి రెండు నెలలకే పోయింది. లడ్డూ తిన్న నోళ్లు మాత్రం ఏడాది దాకా ఊరుకోలేదు. బిడ్డ మా దుకాణమున్న ఆ బజారుకు వస్తే చాలు, ఒక్కొక్క దుకాణం మెట్ల మీది నుంచి ఒకటే అడుగుడు: బాబా, పాపా? అది జరిగి నాలుగేళ్లు. మళ్లీ ఇవాళే.

అందుకే ఈ డైరీ. రైస్ మిల్లు వాళ్లు ప్రతి ఏడూ ఇస్తారు, నేను ప్రతి ఏడూ బీరువాలో పడేస్తాను. ఏడో తరగతితో ఆగిపోయినవాడికి డైరీతో ఏం పని? ఇవాళ పని పడింది. డైరీకి చెప్తే చెప్పినట్టు కాదు. తాతను కాబోతున్నాను! చూశారా, ఇంకోసారి రాశాను, ఒట్టు తప్పలేదు.

జూలై 6, ఆదివారం, తొలి ఏకాదశి

ఎవ్వరికీ చెప్పలేదు. మా బావమరిది చంద్రమౌళి హన్మకొండ నుంచి వచ్చి "ఏంది బావా, నీలో నువ్వే నవ్వుకుంటానవ్?" అన్నాడు. పన్ను నొప్పి అన్నాను.

జూలై 11, శుక్రవారం

వాంతులు మొదలయ్యాయి. మంచిదేనట, మా ఆవిడ అనసూయ అంది.

మూకుట్లో ఆవాలు చిటపటమంటే చాలు, సౌమ్య నోరు మూసుకుని వాకిట్లోకి పరుగు. పప్పు పడదు, చారు పడదు, బీరకాయ పడదు. నా ఇల్లాలి పోపు వాసనకు మా గల్లీ చివరి దాకా పేరుంది. ఆ చేతి వంట ఇప్పుడు సొంత బిడ్డకే గిట్టకుండా పోయింది. అనసూయ పొయ్యి గట్టు తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

దానికి తోడు సౌమ్య అయిదేళ్లుగా వీగన్. మా ఇంట్లో గుడ్డూ చేపా ఎన్నడూ లేవు, అది సరే. తను పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టదు. దూడ తాగాల్సినవి మనకెందుకు బాపూ అంటుంది. మొదట్లో నేను నవ్వేవాణ్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. పెరుగన్నమైనా తినని పిల్లకు ఏం పెట్టాలి దేవుడా?

భయమేమీ లేదు. వాంతులు మంచివే.

జూలై 17, గురువారం

దవాఖానలో సెలైన్ ఎక్కించారు. బిడ్డ చెయ్యి ఎంత సన్నబడిందో! నర్సమ్మ నరం కోసం వెతికి వెతికి అలసిపోయింది.

డాక్టరమ్మ సుభాషిణి గారు మంచి మనిషి. "పాలు తాగదు మేడం" అని అనసూయ మొర పెట్టుకుంటే కసురుకోలేదు. "తాగకున్నా ఫికర్ లేదమ్మా, మందులు రాస్త. పల్లీలు, పప్పులు, మొలకలు పెట్టున్రి. ఇప్పుడైతె కడుపుల ఏది ఆగుతె అదే మంచి తిండి. గని బరువు ఇట్లనే తగ్గుకుంట పోతె అడ్మిట్ చెయ్యాల్సి వస్తది" అంది.

ఆటోలో వస్తూ సౌమ్య నా భుజం మీద తల వాల్చి, కళ్లు మూసుకునే అంది.

"బాపూ, ప్యాడ్ థాయ్ తినబుద్దైతాంది."

"ఏంది బిడ్డా?"

"థాయ్‌లాండ్ నూడుల్స్. పుల్లగ, తియ్యగ, మీద పల్లీల పొడి. హైదరాబాద్‌ల ఆయన, నేను తినేటోళ్లం."

వారం రోజులుగా అన్నీ వద్దు వద్దు అన్న పిల్ల, ఇవాళ ఒకటి కావాలని అడిగింది! అడిగింది! థాయ్‌లాండ్ ఎక్కడుంటే నాకేం? తెచ్చి పెడతాను.

భయమేమీ లేదు నాకు.

జూలై 19, శనివారం

అల్లుడు భానుచందర్ హైదరాబాదు నుంచి వస్తూ, హన్మకొండలో ఒక హోటల్లో ఆ నూడుల్స్ కట్టించుకుని వచ్చాడు. సౌమ్య లేచి కూర్చుంది. ముఖంలో వెలుగు కూడా వచ్చింది. పొట్లం విప్పితే నూడుల్స్ మధ్యలో పచ్చగా దారాలు దారాలుగా గుడ్డు.

"వెజ్ అనే చెప్పిండ్రు మామా" అన్నాడు పాపం. సౌమ్య గోడ వైపు తిరిగి పడుకుంది.

అప్పుడే నిశ్చయించుకున్నాను. నేనే చేస్తాను. అల్లుడు ఫోన్‌లో వీడియో పెట్టి చూపించాడు. అందులో ఆమె ఏ భాష మాట్లాడిందో నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆమె చేతులు చూశాను. చింతపండు గుజ్జు! బెల్లం లాంటి ఉండ! వేయించిన పల్లీలు! ఎండుమిరప కారం, నిమ్మచెక్క, మొలకలు! ఓరి భగవంతుడా, నలభై ఏళ్లు నా దుకాణంలో నేను తూచి అమ్మింది ఇవే కదా! ఇది పరాయిది కాదు. మన పులిహోరకు దూరపు చుట్టం, పేరు మార్చుకుని విదేశంలో ఉంటోంది, అంతే.

పులిహోర అంటే ఈ వెంకట్రాజం, వెంకట్రాజం అంటే పులిహోర. మా సంఘం అన్నదానంలో ఎవరినైనా అడగండి.

జూలై 21, సోమవారం

బియ్యం నూడుల్స్ దొరకలేదు. ఇంట్లో ఉన్న సేమియాతో చేశాను. బాగానే వచ్చింది. చెయ్యి అలవాటున పసుపు వేసింది, ఆవాల పోపు కూడా పెట్టింది. సౌమ్య వాకిట్లోకి పరుగెత్తింది.

"పోపు నేను పెడితె తప్పు, మీరు పెడితె థాయ్‌లాండా?" అంది అనసూయ.

జూలై 24, గురువారం

చంద్రమౌళికి హన్మకొండలో పెద్ద దుకాణం. అడిగి మూడు పొట్లాలు తెప్పించాను.

"బియ్యం నూడుల్స్ నీకెందుకు బావా?"

"నాకే. డాక్టర్ తినమన్నడు."

"ఏ డాక్టరు?"

"పెద్ద డాక్టరే."

"అరవై ఎనిమిదేండ్లకు నూడుల్స్ తినమనే డాక్టర్ ఉన్నడా? నాగ్గూడ జర అడ్రస్ చెప్పరాదు, మా ఇంటామెకు చూపెడ్త."

చెప్పలేదు. ఒక్క ముక్క చెప్పలేదు! నేనింత గట్టివాణ్ని అని నాకే తెలియదు.

ఇంటికి వచ్చి, ఒక పొట్లం అన్నంలాగా ఎసరు పెట్టి వండాను. జావ అయింది. వేడినీళ్లలో నానబెడితే చాలట, ఉడకబెట్టకూడదట. సౌమ్య పడుకునే చెప్పింది, కొంచెం నవ్వింది కూడా. ఆ నవ్వుకు ఇంకో మూడు పొట్లాలు జావ చేసినా నష్టం లేదు.

జూలై 28, సోమవారం

ఇవాళ కుదిరింది! గ్యాస్ పొయ్యిని పెరట్లోకి మార్చాను, వాసన లోపలికి పోకుండా. వాన చినుకులకు రేకు అడ్డం పెట్టాను. పోపు లేదు, పసుపు లేదు, వెల్లుల్లి లేదు. పల్లీనూనెలో అల్లుడు తెచ్చిన టోఫూ ముక్కలు ఎర్రగా వేయించి (సోయా పనీరు, పాలు కావు), నానిన నూడుల్స్ వేసి, చింతపండు బెల్లం రసం, దాని మీద సోయా సాస్ అనే నల్లటి నీళ్లు. అక్కడివాళ్లు వేసే చేపల సాస్ బదులు అదే వెయ్యాలట. పులిహోరకు వేసినట్టు గుప్పెడు ఉప్పు. నేనే మొలకెత్తించిన పెసలు, ఉల్లికాడలు. పోగు పోగు విడివిడిగా, ఎంత బాగుందో! దేవుడి ముందు పెట్టి, కళ్లకద్దుకుని, బిడ్డకు ఇచ్చాను.

ఒక్క ముద్ద తింది. బలవంతాన మింగింది. తర్వాత వాకిట్లోకి.

"ఉప్పు బాపూ" అంది.

ఉప్పు సరిపోయింది. నేను వాసన చూశాను. మా అమ్మ నేర్పిన పద్ధతి అది. వండేటప్పుడు రుచి చూడకూడదు, దేవుడికి పెట్టకముందే ఎంగిలి అవుతుంది. ఆవిరి పీల్చి ఉప్పెంతుందో చెప్పాలి. మా అమ్మ బతికినన్నాళ్లూ అలాగే వండింది. నేనూ అన్నదానాల్లో గంగాళాల కొద్దీ పులిహోర అలాగే కలిపాను, ఒక్కసారి తప్పు పోలేదు.

బిడ్డ నోరే బాగా లేదు. అంతే.

జూలై 30, బుధవారం

మళ్లీ చేశాను. ఉప్పు సరిపోయింది. వాసన చూశాను.

మళ్లీ వాకిట్లోకి.

ఆగస్టు 1, శుక్రవారం

రెండోసారి సెలైన్. బరువు ఇంకా తగ్గింది. సోమవారం దాకా చూసి అడ్మిట్ చేద్దాం అంది డాక్టరమ్మ. మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్తేనే ఎక్కువ భయం వేస్తుంది.

పోయినసారి కడుపు పోయింది కూడా శ్రావణంలోనే.

రాయకూడదనుకున్నాను. రాశాను.

ఆగస్టు 3, ఆదివారం

తిన్నది! నా బిడ్డ తిన్నది! కడుపులో ఆగింది! దేవుడా, తండ్రీ, నీకు పొర్లుదండాలు పెడతాను, మోకాళ్లు సహకరించకపోయినా పెడతాను!

ఉన్నదున్నట్టు రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

పొద్దున్నే పెరట్లో మళ్లీ మూకుడు పెట్టాను. ఇవాళ తినకపోతే రేపు దవాఖాన. అంతా కలిపి, పళ్లెంలో వేసి, ఆవిరి పీల్చి, "ఉప్పు సరిపోయింది" అన్నాను. పైకే అన్నాను. వెనక తలుపు దగ్గర అనసూయ నిలబడి ఉంది.

"జర నోట్లె వేసుకోని చూడున్రి" అంది.

"ఏందే నువ్వనేది? దేవునికి పెట్టకముందు ఎంగిలి చేస్తరా?"

"బెల్లం కొననీకి పోయిన్నాడు ప్రతి ముద్దా కొరికి చూడకుంట కొన్నరా ఎన్నడన్న? ఆ బెల్లంతోనే గద దేవునికి పరమాన్నం పెట్టింది. అప్పుడు కాని ఎంగిలి ఇప్పుడెట్లయితది?"

మగవాణ్ని కదా, ఊరుకోలేదు.

"అది బేరం. ఇది వంట. మా అమ్మ ఒక్కనాడు రుచి చూసి ఎరగదు. నువ్వు మాత్రం? ముప్పై ఎనిమిదేండ్ల నుంచి చూడకుంటనే వండుతలేవా?"

అనసూయ చీరకొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. నెల రోజులుగా నవ్వని మనిషి, తలుపు పట్టుకుని, భుజాలు కదిలేటట్టు నవ్వుతోంది.

"చూడకుంట వండుడా? ఉప్పు చూడకుంట ఎవలన్న వండుతరా? తలుపు చాటుకు పోయి, అరచేతుల ఒక్క చుక్క వేసుకోని నాకి, చెయ్యి కడుక్కుంట. దినాం."

"అమ్మ బతికున్నప్పుడు కూడనా?"

"నాకు నేర్పింది ఎవలనుకుంటాండ్రు? అత్తమ్మనే. 'పోరీ, మొగోళ్లు చూడంగ చూడకు. ఆవిరి పీల్చినట్టు చేసి తెలుసుకున్న అను' అని చెప్పింది."

నేను స్టూలు మీద కూలబడ్డాను. మా అమ్మ! గిన్నె మీదికి వంగి, కళ్లు మూసుకుని ఆవిరి పీల్చే మా అమ్మ! నేను ఆమెను ఎన్ని సభల్లో పొగిడాను! చుట్టాలందరికీ చెప్పాను, మా అమ్మ ముక్కుతో ఉప్పు చూస్తుందని! నాకు ఒక్క రోజు కడుపులో మాట ఆగదు. ఈ అత్తాకోడళ్లు ఇన్నేళ్లు దాచారు. మరి నా పులిహోర ఎన్నడూ తప్పలేదు కదా అని అడిగాను.

"అన్నదానానికి ఉప్పు కొలిచి పొట్లం కట్టిచ్చేది ఎవలు?" అంది.

అనసూయే.

నాలుగు పోగులు అరచేతిలో వేసుకున్నాను. దేవుడి గది వైపు వీపు పెట్టి నోట్లో వేసుకున్నాను.

ఉప్పు కశం! అయ్యో అయ్యో, ఎంత ఉప్పు! ఆ సోయా సాస్‌లోనే ఉంది ఉప్పంతా. దాని మీద నేను మళ్లీ గుప్పెడు. వాసనకు ఏం తెలుస్తుంది? చింతపండు వాసన ముందుకొచ్చి అన్నిటినీ కప్పేస్తుంది. ఇదా నేను రెండుసార్లు నా బిడ్డకు పెట్టింది? బిడ్డ నోరే బాగా లేదని రాసింది నేనేనా?

మూకుడు కడిగి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు చూడండి వెంకట్రాజాన్ని! రసం చుక్క నాలుక మీద వేసుకున్నాను: పులుపు చాలలేదు, కొత్త చింతపండు పిసికి పోశాను. మళ్లీ చూశాను: బెల్లం ఇంకో చిన్న ముక్క. మళ్లీ చూశాను: సోయా సాస్ ఒక్క చెంచా, చాలు, ఉప్పు గింజ కూడా వద్దు. మంట పెంచి, నూడుల్స్ వేసి, గరిటెతో కింద నుంచి పైకి, కింద నుంచి పైకి. అనసూయ పక్కనే కూర్చుని పల్లీలు కచ్చాపచ్చాగా దంచింది. తను కూడా రెండు పోగులు నోట్లో వేసుకుంది, తలుపు చాటుకు పోకుండా, నా ఎదురుగానే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"ఇగ పెట్టున్రి" అంది.

పెట్టాను. దేవుడికి ఇవాళ అరటిపండు పెట్టి సరిపెట్టాను. ఆయన అర్థం చేసుకుంటాడు.

సౌమ్య ఒక ముద్ద తింది. ఆగింది. నేను వాకిలి వైపు చూశాను, దారి ఖాళీగా ఉందా అని. తను కదల్లేదు. ఇంకో ముద్ద. నిమ్మచెక్క పిండుకుంది. ఇంకో ముద్ద. పల్లీల పొడి ఇంకొంచెం అడిగింది. గిన్నె సగమైంది. మేమిద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం, పరీక్ష రాసే పిల్లల్లాగా.

"ఏంది, నా దిక్కు అట్ల చూస్తాండ్రు?" అంది సౌమ్య. "కూసోరాదున్రి. మంచిగున్నది బాపూ. హైదరాబాద్ దానికన్న మంచిగున్నది."

సాయంత్రమైనా వాంతి కాలేదు. పొద్దు గూకినంక మిగిలింది కూడా తినేసింది. నేను పెరట్లోకి పోయి, మూకుడు ముందు నిలబడి, కళ్లు తుడుచుకున్నాను. అనసూయ అడిగితే ఉల్లికాడలు అన్నాను.

ఆగస్టు 4, సోమవారం

అడ్మిట్ అవసరం లేదు! బరువు తగ్గలేదు! ఏం పెట్టారని డాక్టరమ్మ అడిగింది. ప్యాడ్ థాయ్ అని గట్టిగా చెప్పాను, వరండాలో అందరూ తిరిగి చూశారు.

ఆగస్టు 9, శనివారం, రాఖీ

సమ్మమ్మ అక్క నర్సంపేట నుంచి పొద్దున్నే దిగింది. ఇవాళ గండం గడిచిందంటే నేను మహాత్ముణ్ని.

"ఏందిరా తమ్మీ, సౌమ్య వచ్చి నెల దాటిందట? నాకొక్క మాట చెప్పకపోతివి?"

"వర్క్ ఫ్రమ్ హోం అక్కా."

"పండుకోని చేసే వర్కా అది?"

రాఖీ కట్టింది, హారతి ఇచ్చింది. పళ్లెంలోని నూడుల్స్ చూసి "ఈ వానపాములేందిరా?" అంది. నాకు డాక్టర్ రాశాడని చెప్పాను. చంద్రమౌళి ఈ సంగతి అప్పటికే నర్సంపేట దాకా చేరవేశాడట. నాకు ఏదో పెద్ద జబ్బు చేసిందనీ, నూడుల్స్ మీద బతుకుతున్నాననీ అక్క నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకు దాచకురా, మంచిదో చెడ్డదో చెప్పురా" అంది.

చెప్పేద్దును. దేవుడి సాక్షిగా, ఆ మాట పెదవుల దాకా వచ్చేసింది. గుమ్మంలో నుంచి సౌమ్య చూస్తోంది. చటుక్కున పిడికెడు నూడుల్స్ నోట్లో కుక్కుకున్నాను. నమిలాను. మళ్లీ కుక్కుకున్నాను. అక్క వెళ్లే దాకా నా నోరు ఖాళీ లేదు.

"తిండి మీద ఆశున్నది, బతుకుతడు" అంటూ అక్క కూడా కొంచెం తింది. "పులిహోర లెక్కనే ఉన్నది గదరా" అంది. నేనెప్పుడో అన్నాను ఆ మాట!

అక్క బస్సెక్కాక సౌమ్య వచ్చి నా పక్కన కూర్చుంది. నా రాఖీ దారం సరిచేసింది.

ఆగస్టు 14, గురువారం

బీరకాయ కూర కూడా ఆగింది. అనసూయ వండింది. పోపు పెట్టింది! గల్లీ చివరి దాకా వాసన. నేను కొంచెం కుళ్లుకున్నాను, అబద్ధం ఎందుకు. కానీ సాయంత్రం "బాపూ, నూడుల్స్?" అంది బిడ్డ. నేను అప్పటికే నానబోసి ఉంచాను.

ఆగస్టు 21, గురువారం

స్కానింగ్. లోపలికి అల్లుడు, బిడ్డ. మేమిద్దరం బయట బెంచీ మీద. అనసూయ నా చెయ్యి పట్టుకుంది, బజార్లో ఎన్నడూ పట్టుకోని మనిషి. తలుపు తీసి డాక్టరమ్మే మమ్మల్ని లోపలికి పిలిచింది. మెషీన్ లోంచి చప్పుడు. టకటకటకటక, మూకుట్లో గరిటె ఆడించినట్టు! అది గుండె అట. నా మనవడిదో మనవరాలిదో గుండె! అంతా మంచిగుంది అంది డాక్టరమ్మ. మంచిగుంది. మంచిగుంది. మంచిగుంది.

వరండాలోకి వచ్చాక సౌమ్య నా ముందు నిలబడి అంది.

"ఇగ చెప్పుకో బాపూ. ఎవ్వరికి చెప్పుకుంటవో చెప్పుకో."

ఇన్నాళ్లు ఎగిరెగిరి పడిన మాట, నోరు విప్పమనేసరికి బయటికి రాలేదు. అక్కడే, అందరి ముందూ, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. "ఇప్పుడు చెప్పమంటె ఏడుస్తడేంది!" అని అనసూయ నవ్వింది. తనూ ఏడుస్తూనే నవ్వింది.

ఇప్పుడు కుదురుగా కూర్చుని ఎవరెవరికి చెప్పాలో రాసుకుంటున్నాను, ఎవరినీ మరిచిపోకుండా. ఈసారి లడ్డూలు లేవు. సౌమ్య తినేదే అందరూ తింటారు, నా చేతి నూడుల్స్.

సమ్మమ్మ అక్కకు మొట్టమొదట. రాఖీ నాడు దాచినందుకు రెండు తిట్లు తింటాను, తర్వాత ఆమే నర్సంపేట అంతా చెప్తుంది, ఆ ఊరికి ఇంక ఫోన్లు అక్కర్లేదు.

చంద్రమౌళికి. నాకు పన్ను నొప్పి లేదనీ, డాక్టరు సుభాషిణి గారనీ, ఇంకో పది పొట్లాలు పంపమనీ.

వియ్యంకుడు కిషన్ రావు గారికి. అల్లుడు ఈపాటికే చెప్పి ఉంటాడు. అయినా నా నోటితో నేను చెప్పాలి.

కాశిబుగ్గలో తమ్ముడు శ్యాంసుందర్‌కు. ఫోన్‌లో కాదు, పోయి చెప్పాలి, వాడి ముఖం చూడాలి.

ఏటూరునాగారంలో మేనకోడలు సుకన్యకు. అక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు, గట్టిగా అరవాలి. గట్టిగా అరవడానికే ఆ ఫోన్ దాచిపెట్టుకున్నాను.

ఆఖరున మా అమ్మకు. దేవుడి గదిలో ఫోటో ముందు నిలబడి, మునిమనవడో మునిమనవరాలో వస్తున్నట్టు చెప్పాలి. చెప్పి, నూడుల్స్ గిన్నె ముందు పెట్టి, "ఉప్పు నేనే చూసిన అమ్మా, నువ్వు కూడ చూసేదానివట గద, ఇగ తలుపు చాటుకు పోకు, ఇక్కన్నే తిను" అనాలి.